పచ్చబొట్టు నుండి కనుబొమల టాటూ వరకు: సూదికి ముందు జాగ్రత్తలు

ఆదోని, ఎమ్మిగనూరు వంటి రాయలసీమ ప్రాంతాలకు పచ్చబొట్టు కొత్త కాదు. ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీలు దీపపు మసిని ఆకు పసరుతో కలిపి సూదులతో పొడిచేవారు. కనుబొమల టాటూలోనూ జరిగేది అదే: చర్మం లోపలికి రంగు చేర్చడం. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి సోకవచ్చు. కాబట్టి సీలు వేసిన కొత్త సూదిని కళ్లెదుటే విప్పించుకోవాలి. రంగు గిన్నె కూడా ఎవరిది వారికే వేరుగా ఉండాలి. ఈ సంగతి చాలామందికి తట్టదు. మధుమేహం, గర్భం, గాయపు మచ్చలు ఉబ్బే చర్మస్వభావం, రక్తాన్ని పలుచబరిచే మందుల వాడకం ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. మందులు సొంతంగా మానరాదు. చెవి వెనుక రంగును పరీక్షించుకోవడం మేలే, అయినా అది తర్వాత రాగల అలర్జీని పూర్తిగా తోసిపుచ్చదు. టాటూ వేయించుకున్నవారి నుండి 12 నెలల వరకు రక్తదానం స్వీకరించకపోవడానికి కారణం ఆ సూది భయమే.