గాంబియా నదీతీర యానము

ఆఫ్రికా ఖండపు పశ్చిమ భాగమున, అట్లాంటిక్ మహాసముద్రము మొదలుకొని తూర్పునకు, గాంబియా అను నది వెంబడి సన్నని పట్టెవలె సాగిన చిన్న దేశము గాంబియా. నది పేరే దేశమునకును పేరయ్యెను. వైశాల్యము సుమారు 11,300 చదరపు కిలోమీటర్లు. వెడల్పు ఎచ్చటను 50 కిలోమీటర్లకు మించదు. సముద్రము వైపు తప్ప తక్కిన మూడు వైపులను సెనెగల్ దేశము దానిని చుట్టియున్నది. 1889వ సంవత్సరమున ఆంగ్లేయులును ఫ్రెంచివారును చేసికొన్న ఒడంబడికయే ఈ వింత ఆకారమునకు కారణము. దానిచే నదికి ఇరుప్రక్కల ఇంచుమించు పదేసి కిలోమీటర్ల నేల ఆంగ్లేయుల వశమయ్యెను. ఒకే భాష మాటలాడు బంధువులు రెండు రాజ్యముల పాలైరి. 1965లో గాంబియా స్వతంత్రమైనను ఆ సరిహద్దు అట్లే నిలిచినది.

ఐరోపాలో చలి ముదిరిన నెలలలో అచ్చటి యాత్రికులు విమానములపై వచ్చి, సముద్రపు టొడ్డు హోటళ్లలో దిగి, ఇసుకపై ఎండ కాగి మరలిపోవుదురు. వారిలో పలువురు నది ఎగువకు పోనే పోరు. ఏ సంస్థ ఏర్పాటును లేక, కొద్దిపాటి పైకముతో స్వయముగా తిరుగువాడు మాత్రము ఎగువ పల్లెలకు పోవును. అతడిచ్చు సొమ్ము చిన్నదే. కాని అది బస యిచ్చిన యింటివారికిని, పడవ నడపినవానికిని, అన్నము వండి అమ్మిన స్త్రీకిని నేరుగా చేరును. అట్టి ప్రయాణమునకు పైకముకంటె ఓర్పు ఎక్కువగా కావలయును.

ఈ దేశమున రైలు లేదు. ‘గెలెగెలె’ అను పాత వ్యానులే సామాన్యులకు వాహనములు. అవి గడియారమునుబట్టి కదలవు. జనము నిండిన పిదపనే కదలును. ముందుగా వచ్చి కూర్చున్నవాడు ఒక్కొకప్పుడు గంటల తరబడి వేచియుండవలసివచ్చును. ఇది సోమరితనమని తలచుట పొరపాటు. ఒక్క చోటు ఖాళీగా పోయినను ఆ నష్టము బండివానిదే. అన్ని చోట్లును నిండుటచేతనే రుసుము పేదవానికి అందుబాటులో నుండుచున్నది. బియ్యపు బస్తాలు, సంచులు, ఒక్కొకప్పుడు కాళ్లు కట్టిన మేకలు సైతము బండి కప్పుమీది కెక్కును. ఈ లోపల ప్రక్కనే ఎవరో బొగ్గుల కుంపటిపై ‘అత్తాయ’ అను తేనీరు కాచుచుందురు. పచ్చతేయాకును పంచదారతో మరగించి, ఒక చిన్న గ్లాసునుండి మరియొక దానిలోనికి ఎత్తుగా పోసి నురుగు తెప్పింతురు. మూడు మారులు కాచి మూడు మారులు పంచుట ఆచారము.

పలుకరింపు లేక ఏ పనియు జరుగదు. దారి అడుగుటకు ముందు క్షేమ మడుగవలయును. వొలోఫ్ భాషలో “నాంగా దెఫ్?” అనగా “ఎట్లున్నావు?” అని అర్థము. “మాంగి ఫి రెక్” అని బదులు. “ఇచ్చటనే యున్నాను, అంతియే” అని దాని భావము. కృతజ్ఞత తెలిపినవానికి “న్యో కో బొక్” అందురు. “ఇది మన అందరిది” అని తాత్పర్యము. భోజనమువేళ ఈ మాట కంటికి కనబడును. ఒకే పెద్ద పళ్లెము చుట్టు అందరును కూర్చుండి, కుడిచేతితో, ఎవరి యెదుటి భాగమును వారే తిందురు. నడుమనున్న చేపముక్కలను ఇంటివారు త్రుంచి అతిథి వైపు జరుపుదురు. ‘దొమొద’ అను కూర వేరుసెనగ ముద్దతో చేయబడును. వేరుసెనగయే ఆ దేశపు ముఖ్యమైన ఎగుమతి పంట. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్క సముద్రములు దాటి గాంబియాకును, మన రాయలసీమకును చేరినది.

నవంబరు మొదలు మే వరకు వానలుండవు. ప్రయాణమునకు అదియే తగిన కాలము. తక్కిన నెలలలో దోమలు హెచ్చును, మలేరియా భయమును హెచ్చును. మన దేశమునుండి పోవువారు పచ్చజ్వరపు టీకాను కనీసము పది దినములు ముందుగా వేయించుకొని, ఆ పత్రమును వెంట ఉంచుకొనవలయును. అది లేక తిరిగివచ్చినవారిని మన విమానాశ్రయములలో విడిగా నిర్బంధింతురు.

రాజధానియైన బాంజుల్ నుండి ఆవలి యొడ్డుననున్న బర్రాకు పెద్ద రేవుపడవ కలదు. దానికై వేచుటకు ఓపిక లేనివారు కూలీల భుజములపై నీటిలోనికి పోయి, కిక్కిరిసిన కొయ్యపడవల నెక్కుదురు. చూచుటకది వినోదమే గాని, తెలివిగలవాడు పెద్ద పడవ కొరకే నిలుచును. బర్రా నుండి జుఫురే గ్రామమునకు బండ్లు పోవును. అచ్చటికి ఎదురుగా నది నడుమ కుంటా కింటే ద్వీపము కలదు. ఇనుప సంకెళ్లతో బానిసలను ఓడల కెక్కించిన కోట ఆ ద్వీపముననే యుండెను. నేడు శిథిలములు మాత్రము మిగిలినవి. అలల కోతచే ద్వీపమే తరిగిపోవుచున్నది.

మరింత ఎగువన ఫరఫెన్ని యొద్ద 2019 జనవరిలో తెరువబడిన వంతెన కలదు.  అంతకు పూర్వము సెనెగల్ ఉత్తర దక్షిణ భాగముల నడుమ తిరుగు లారీలు ఇచ్చటి రేవున దినముల తరబడి నిలిచిపోయెడివి. ఈ చిక్కుచే పలువురు సముద్రమార్గమునే ఆశ్రయించిరి. 2002 సెప్టెంబరు 26న ‘జోలా’ అను సెనెగల్ ఓడ, మోయదగినదానికి మూడింతలకు పైగా జనముతో వచ్చి, గాంబియా తీరమునకు ఎదుట బోల్తాపడెను. 1,800 మందికి పైగా మరణించిరి. నేడు ఆ వంతెనను కొలది నిమిషములలో దాటువానికి ఈ సంగతి తోచనే తోచదు.

వంతెనకు తూర్పున, ఉత్తరపు టొడ్డుననే, వాసు గ్రామమువద్ద వలయములుగా నిలిపిన ఎఱ్ఱరాతి స్తంభములు కలవు. అవి పూర్వుల సమాధిస్థలములు. చూడవచ్చినవారు స్తంభముపై ఒక చిన్న గులకరాయి నుంచిపోవుదురు. అచ్చటినుండి జాంజాన్‌బురే ద్వీపము దగ్గరనే యున్నది. ఆ ప్రాంతమున పడవ నెక్కినచో నీటిగుఱ్ఱములు కానవచ్చును. చింపాంజీలను విడిచిన దీవులును కలవు, కాని వాటిపై కాలు మోప నీయరు. అంతట దక్షిణపు టొడ్డు చేరి బస్సే పట్టణమునకు పోవచ్చును. బస్సే సంతవద్ద సెనెగల్‌లోని వేలింగారాకు పోవు బండ్లు దొరకును. అవియును నిండిన పిదపనే కదలును.