పాతాళానికి దారి ఎర్రగుంట్లలో ఉందా?

ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊళ్ళలో చదువుకునే విద్యార్థులకు రాయి కొత్త కాదు. ఇంటి అరుగు నాపరాయి. వరండాలో పరచిన బండలూ నాపరాయే. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు సున్నపురాయి. మరి ఈ రాయి కింద ఏముంది? దాని కింద? అలా దిగుతూ దిగుతూ పోతే చివరకు ఎక్కడ తేలతాం?

సరిగ్గా ఈ ప్రశ్నతోనే ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1864లో ఒక నవల ప్రకటించాడు. భూకేంద్రానికి చేసిన ప్రయాణమే అందులో కథ. ప్రపంచమంతటా పిల్లలు నేటికీ చదువుతున్న వైజ్ఞానిక నవలల్లో అది ఒకటి. లీడెన్‌బ్రాక్ అనే జర్మన్ ప్రొఫెసరు, ఆయన ఇంట్లో ఉంటూ పనిలో సాయపడే ఆక్సెల్ అనే యువకుడు, హాన్స్ అనే మార్గదర్శి కలిసి ఐస్‌లాండ్‌లోని ఒక చల్లారిన అగ్నిపర్వతంలోకి దిగుతారు. లోపల సముద్రాన్ని చూస్తారు. ఎన్నడో నశించిన జంతువులను చూస్తారు. చివరికి ఇటలీలో మరో అగ్నిపర్వతం నోట్లోంచి బయటపడతారు!

"ఇదంతా అబద్ధం కదా, చదివి ఏం లాభం?" అని పెద్దవాళ్ళెవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. జవాబు కూడా ఆ నవలలోనే ఉంది.

ప్రయాణానికి ముందు ఆక్సెల్ ప్రొఫెసరుకు అడ్డుచెబుతాడు. భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది కదా, అదే లెక్కన కేంద్రం దగ్గర రెండు లక్షల డిగ్రీలు దాటాలి, మనం బతుకుతామా అని వాదిస్తాడు. లోపల అంత వేడి లేదు పొమ్మంటాడు ప్రొఫెసరు. కథలో ప్రొఫెసరు మాటే నెగ్గుతుంది. మరి ప్రకృతి ఎవరి పక్షం? కుర్రవాడి పక్షమే!

భూమి పైపొరలో కిలోమీటరు లోతుకు సగటున 25 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడి పెరుగుతుంది. అంటే 3 కిలోమీటర్ల లోతున నీరు మరిగేంత వేడి. నాటి సోవియట్ యూనియన్‌లోని కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు చేరింది. అడుగున వేడి 180 డిగ్రీలు ఉండటంతో ఇక ముందుకు సాగలేదు. భూకేంద్రమేమో 6,371 కిలోమీటర్ల దూరాన ఉంది! భూమిని పులివెందుల చీనీకాయ అనుకుంటే, ఆ బోరు కాయ తొక్కను కూడా దాటలేదన్నమాట.

అయితే ఆక్సెల్ లెక్కా పూర్తిగా సరైనది కాదు. పైపొరలో కనిపించిన రేటే చివరిదాకా ఉంటుందని అతడు అనుకున్నాడు. లోతుకు పోయేకొద్దీ ఆ పెరుగుదల మందగిస్తుంది. కేంద్రం దగ్గర వేడి 5,000 డిగ్రీలకు కొంత పైన ఉంటుందని నేటి అంచనా.

ఎవరూ వెళ్ళని చోటు సంగతి ఎలా తెలిసింది? భూకంపాల వల్ల. 1897లో అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. భారత భూగర్భ పరిశోధన సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాని తరంగాల నమోదులను పరిశీలించి, వాటిలో వేర్వేరు రకాలు ఉన్నాయని గుర్తించాడు. భూమి లోతుల్లో ఆ తరంగాల వేగం మారే తీరునుబట్టి, లోపల వేరే పదార్థంతో ఒక గర్భం ఉందని 1906లో చూపించాడు. ఆ గర్భం నడుమ మరో గట్టి భాగం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ తెలిపింది.

ఇక మన పాతాళానికి వద్దాం. జమ్మలమడుగుకు వాయవ్యంగా బెలుం గుహలున్నాయి. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని, బలహీనమైన ఆమ్లమై, సున్నపురాయిని లక్షల ఏళ్ళు కరిగించగా ఏర్పడినవవి. గుర్తించిన పొడవు 3,229 మీటర్లు. అన్నిటికంటే లోతైన చోటు పేరు పాతాళగంగ. అది కూడా 46 మీటర్ల లోతే!

కానీ గుహలోకి దిగకుండానే భూగర్భ ప్రయాణం చేసే ఉపాయం ఒకటుంది. నాపరాళ్ళ ఫ్యాక్టరీల్లో పలకలను ఒకదానికొకటి ఆనించి ఏటవాలుగా నిలబెడతారు చూశారా? పక్కన నడిచిపోతే వెనకున్న పలకల అంచులు వరుసగా కనిపిస్తాయి. ఈ ప్రాంతపు రాతిపొరలు కూడా ఈశాన్యం వైపు కొద్దిగా వాలి ఉన్నాయి. కనుక ఎర్రగుంట్ల నుంచి నైరుతిగా పోయేకొద్దీ అడుగు పొరలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. ఎర్రగుంట్ల దగ్గర నార్జి సున్నపురాయి. దానికంటే పాతది గండికోట గట్టిరాయి. అంతకంటే పాతది పులివెందుల రాయి. ఇంకా పాతది వేంపల్లె పొర.

వేంపల్లె పొరలో గుండ్రని గీతలతో స్ట్రొమటొలైట్లు అనే శిలాజాలు కనిపిస్తాయి. ఆనాటి నిస్సారపు సముద్రంలో సూక్ష్మజీవులు పొరపొరగా కట్టినవవి. పై పొరలోకి చొచ్చుకువచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసే దాదాపు 189 కోట్ల ఏళ్ళు. వేంపల్లె పొర అంతకంటే పాతది. రాక్షసబల్లులు పుట్టి 23 కోట్ల ఏళ్ళే అయింది. కాబట్టి లీడెన్‌బ్రాక్ ఇక్కడ దిగి ఉంటే పెద్ద జంతువు ఒక్కటీ ఎదురయ్యేది కాదు!

వెర్న్ 1865లో మరో నవలలో మనుషులను ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుని వైపు పేల్చాడు. ఆ నవల రష్యాలో త్సియొల్కోవ్‌స్కీ అనే బడి ఉపాధ్యాయుడిని ఆకట్టుకుంది. అయితే ఆయన లెక్కవేసి, ఆ కుదుపుకు లోపలివాళ్ళు బతకరని తేల్చాడు. మెల్లగా వేగం పెంచుకునే రాకెట్టే సరైన వాహనమని 1903లో గణితంతో నిరూపించాడు. నవలను నమ్మి ఊరుకున్నా, అబద్ధమని మూసేసినా ఈ పని జరిగేదా?

అందుకే ఇలాంటి నవల చేతికి వస్తే తప్పక చదవండి. పక్కన ఒక పెన్సిలు, ఒక కాగితం ఉంచుకోండి. "ఇది నిజంగా సాధ్యమా? ఎంత వేడి? ఎంత దూరం? ఎంత కాలం?" అని ప్రతి అధ్యాయాన్నీ అడగండి. ఈసారి పులివెందుల బస్సెక్కినప్పుడు కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు కోసం కొండను తొలిచిన చోట రాతిపొరలు ఎటు వాలాయో గమనించండి. చూసినది గీసుకోండి. అప్పుడు మీరూ ఆక్సెల్ వంటివారే. తేడా ఒక్కటే: మీ ప్రయాణం కల్పన కాదు!