స్క్లెరోడెర్మా: పేరులో చర్మం, ప్రమాదంలో ఊపిరితిత్తులు

1. ఉపోద్ఘాతం:

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలంపైనే దాడి చేయడం వల్ల కలిగేవి ఆటోఇమ్యూన్ వ్యాధులు. వాటిలో అవయవాలకు ఆధారమైన సంయోజక కణజాలాన్ని దెబ్బతీసే వ్యాధి స్క్లెరోడెర్మా. ఈ పేరుకు మూలమైన గ్రీకు పదాలకు ‘గట్టి’, ‘చర్మం’ అని అర్థాలు. అయితే ఈ వ్యాధిలో మరణాలకు ప్రధాన కారణం ఊపిరితిత్తుల సమస్యలే. పేరుకూ వ్యాధి స్వభావానికీ గల ఈ అంతరాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చర్మంలో మార్పులు:

చాలామందిలో తొలి సూచన రేనో లక్షణం. చలికి, ఆందోళనకు వేళ్లలోని రక్తనాళాలు ముడుచుకొని వేళ్లు పాలిపోతాయి, నీలిబారుతాయి, తిరిగి ఎర్రబడతాయి. ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో 1862లో దీనిని వర్ణించాడు. క్రమంగా వేళ్లు ఉబ్బి, చర్మం బిగుసుకుంటుంది. పిడికిలి పట్టడం, నోరు పూర్తిగా తెరవడం కష్టమవుతాయి. వేళ్ల కొనలపై త్వరగా మానని పుండ్లు పడవచ్చు. కొల్లాజెన్ అనే ప్రోటీన్ మితిమీరి పేరుకోవడమే ఈ బిగువుకు కారణం.

3. ఊపిరితిత్తులలో మార్పులు:

ఇదే ప్రక్రియ ఊపిరితిత్తులలో జరిగితే గాలిగదుల గోడలు మచ్చకట్టి మందమవుతాయి. ప్రాణవాయువు రక్తంలో చేరడం తగ్గి, పొడిదగ్గు, ఆయాసం మొదలవుతాయి. మరికొందరిలో ఊపిరితిత్తుల ధమనులు ఇరుకై, వాటిలో రక్తపోటు పెరిగి, గుండె కుడిభాగంపై భారం పడుతుంది. చర్మం బిగువు వేళ్లకూ ముఖానికీ పరిమితమైనవారికి కూడా ఈ ముప్పు ఉంది. కాబట్టి చర్మాన్ని చూసి ఊపిరితిత్తుల స్థితిని నిర్ణయించలేము. తొలిదశ మార్పులు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందువల్ల సి.టి. స్కాన్, శ్వాస సామర్థ్య పరీక్ష, గుండెకు ఎకో పరీక్ష అవసరమవుతాయి. మైకోఫినోలేట్, నింటెడానిబ్ వంటి మందులు క్షీణతను నెమ్మదింపజేస్తాయి. మచ్చకట్టిన భాగాన్ని పూర్వస్థితికి తేలేవు. ముందుగా గుర్తించడం ఇందుకే కీలకం.

4. పేరు - అనువాదం:

అంతర్గత అవయవాలలోని మార్పులను పరిశీలించిన రాబర్ట్ గోట్జ్ 1945లో ఈ వ్యాధికి దేహవ్యాప్త స్వభావాన్ని సూచించే పేరును ప్రతిపాదించాడు. నేటి వైద్యశాస్త్రం ‘సిస్టమిక్ స్క్లెరోసిస్’ అనే పేరును వాడుతోంది. తెలుగులో ‘చర్మం గట్టిపడే జబ్బు’ అని మాత్రమే చెబితే, రోగి తన ఆయాసాన్ని వయసుకో దుమ్ముకో ఆపాదించుకునే ప్రమాదం ఉంది. శాస్త్ర రచనలో ‘దేహవ్యాప్త కాఠిన్య వ్యాధి’ అనీ, వ్యవహారంలో ‘చర్మాన్నీ ఊపిరితిత్తులనూ గట్టిపరిచే జబ్బు’ అనీ అనవచ్చు.

5. ముగింపు:

వైద్య పారిభాషిక పదాన్ని రూపొందించేటప్పుడు మూలపదం అర్థం ఒక్కటే ప్రమాణం కాకూడదు. ఆ పదం విన్న రోగి ఏ లక్షణాన్ని గమనిస్తాడు, దేనిని విస్మరిస్తాడు అన్నది కూడా అనువాదకుడు ఆలోచించాలి.