ఆగి దిగే విమానం

విమానాల మీద మోజున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, నిలువుగా దిగే బ్రిటిష్ యుద్ధ విమానం హారియర్ గొప్పదా, దండగా అన్న వాదన ఒక పట్టాన తెగదు. ఒక పక్షం 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధాన్ని ముందుకు తెస్తుంది. అందులో బ్రిటన్ నౌకాదళపు సీ హారియర్లు 20 అర్జెంటీనా విమానాలను కూల్చాయి, గాలిపోరులో తమవైపు ఒక్కటీ పోలేదు. రెండో పక్షం అమెరికా మెరైన్ల దగ్గరి లెక్క తీస్తుంది. ఈ విమానం 45 మంది పైలట్ల చావుతో ముడిపడి ఉందని లాస్ ఏంజెలెస్ టైమ్స్ తవ్వి తీసింది, ఆ కథనాలకు 2003లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండు లెక్కలూ నిజమే. అయినా తీర్పు రాదు, ఎందుకంటే ఇద్దరూ విమానాన్ని విమానంతోనే తూస్తున్నారు. నిలువుగా దిగే యుద్ధ విమానాన్ని మరో యుద్ధ విమానం పక్కన పెడితే వేగంలో, దూరంలో, మోసే బరువులో అది ఎప్పుడూ ఓడుతుంది. తూకంలో విమానంతో పాటు అది దిగే నేలనో నౌకనో కూడా వేస్తేనే దాని విలువ కనిపిస్తుంది.

ఓడిపోవడానికి కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. ముందుకు పరుగెత్తే విమానానికి రెక్క పెద్ద ఉపకారం చేస్తుంది. ఇంజను కేవలం గాలి ప్రతిఘటనను గెలిస్తే చాలు, బరువు సంగతి రెక్క చూసుకుంటుంది. అందుకే ప్రయాణికుల విమానాల్లో ఇంజన్ల బలం మొత్తం బరువులో మూడో వంతు ఉన్నా గాలిలోకి లేస్తాయి. నిలువుగా లేవాలన్నా, దిగాలన్నా ఈ ఉపకారం ఉండదు. పది టన్నుల విమానాన్ని పైకెత్తాలంటే ఇంజను పది టన్నులకు మించిన బలంతో కిందికి నెట్టాలి. ఎండకు గాలి పలచబడితే ఆ బలం ఇంకా తగ్గుతుంది. ఉన్న శక్తితోనే ఎక్కువ బలం రాబట్టాలంటే కొద్దిపాటి గాలిని వేగంగా తోయడం కంటే ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయడం మేలు. ఊదుగొట్టం చేయలేని పని చాట చేస్తుంది. హెలికాప్టర్ రహస్యం అదే. కానీ ధ్వని వేగాన్ని దాటాలనుకునే విమానానికి ఊదుగొట్టమే కావాలి. ఈ రెండు అవసరాలకూ పొసగదు. ఈ యంత్రం కథంతా ఆ పొసగనితనంతో పెనుగులాటే.

మొదటి దారి చూపినవాడు మిషెల్ విబో అనే ఫ్రెంచి ఇంజనీరు. ఒక ఇంజనుతో నాలుగు బ్లోయర్లు తిప్పి, వాటి గాలిని కిందికీ వెనక్కీ మళ్లించవచ్చని 1956లో ప్రతిపాదించాడు. బ్రిస్టల్ ఇంజన్ల సంస్థలో స్టాన్లీ హుకర్, గోర్డన్ లూయిస్ ఆ బరువైన బ్లోయర్లను తీసేసి వాటి స్థానంలో పెద్ద ఫ్యాన్ పెట్టారు. అలా పుట్టినదే పెగసస్ ఇంజను. ముందు రెండు నాజిళ్ల నుంచి ఫ్యాన్ తోసిన చల్లగాలి, వెనక రెండింటి నుంచి టర్బైన్ దాటిన వేడి వాయువు వస్తాయి. నాలుగూ కలిసి తిరుగుతాయి. లోపలి రెండు ఇరుసులు ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరగడం వల్ల గాలిలో నిలబడినప్పుడు ఇంజను భ్రమణమే విమానాన్ని పక్కకు లాగేయదు. హరికేన్ విమానం రూపకర్త సిడ్నీ కామ్ ఆధ్వర్యంలోని హాకర్ సంస్థ డిజైన్ బృందంలో రాల్ఫ్ హూపర్ ఈ ఇంజను చుట్టూ విమానం గీశాడు. తర్వాత హారియర్‌గా ఎదిగిన ఆ పి.1127ను 1960 అక్టోబరు 21న డన్స్‌ఫోల్డ్‌లో నేలకు గొలుసులతో కట్టి తొలిసారి పైకి లేపిన బిల్ బెడ్‌ఫర్డ్ కాలికి అప్పుడు పిండికట్టు ఉంది. ఇంజను బలం అప్పటికి ఎంత బొటాబొటిగా ఉందంటే, తీయగలిగిన ప్రతి వస్తువునూ పీకేశాకే విమానం లేచింది.

అదే కాలంలో మిగతావాళ్లు ఇంకా ఘనమైనవి కట్టారు. ఫ్రాన్స్ మిరాజ్ 3వి ధ్వనికి రెండింతల వేగం అందుకుంది. కానీ నిలువుగా లేవడానికి దాని కడుపులో ఎనిమిది చిన్న ఇంజన్లు వేరే ఉండేవి. లేచిన మరుక్షణం నుంచి మళ్లీ దిగేదాకా ఆ ఎనిమిదీ ఒట్టి బరువే. సోవియట్ యాక్-38లో అలాంటివి రెండు ఉండేవి. 1980లో దాన్ని అఫ్గానిస్థాన్ వేడిలో, ఎత్తులో పరీక్షిస్తే మోసే ఆయుధాలు మరీ తక్కువకు పడిపోయాయి. బ్రిటన్ కూడా ధ్వనిని మించే పి.1154 కట్టబోయి 1965లో రద్దు చేసుకుంది. చివరికి 1969లో సైన్యంలో చేరి నిలిచింది ధ్వని వేగం ఆశ వదులుకున్న హారియరే. ఒక్క ఇంజను, నాజిళ్లు తిప్పడానికి అదనంగా ఒక మీట, అంతే. మిరాజ్ 3వి నిపుణుల కల అయితే అయి ఉండవచ్చు, హారియర్ మాత్రం పనిచేసింది.

ఇక్కడ చాలామంది గమనించని మలుపు ఒకటి ఉంది. హారియర్ నిలువుగా లేవగలదు, అయినా యుద్ధానికి వెళ్లేటప్పుడు దాదాపు ఎప్పుడూ అలా లేవలేదు. కొద్ది దూరం పరుగెడితే రెక్క కాస్త బరువు పంచుకుంటుంది, ఆ మేరకు ఇంధనం, బాంబులు ఎక్కువ పడతాయి. బ్రిటిష్ నౌకాదళ అధికారి డగ్లస్ టేలర్ డెబ్బైల తొలినాళ్లలో ఇంకో మెట్టు వేశాడు. డెక్ కొసను పైకి వంచితే విమానం విసిరినట్టు లేస్తుంది, వేగం చాలకపోయినా గాలిలోనే పుంజుకోవడానికి కొన్ని క్షణాలు చిక్కుతాయి. స్కీ జంప్ అంటున్నది దాన్నే. అంటే నిలువుగా లేవడం త్వరగానే ప్రదర్శనలకు మిగిలింది, పనికొచ్చింది నిలువుగా దిగడం. నౌక మీద దిగే మామూలు విమానం గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన వేగంతో వచ్చి తోకకొక్కెంతో తీగను పట్టుకుని ఆగాలి. హారియర్ ముందు గాలిలో ఆగి, ఆ తర్వాత దిగుతుంది. తీగలు, విమానాన్ని విసిరే కెటాపుల్ట్, వాటిని మోసే పెద్ద నౌక, ఏవీ అక్కర్లేదు.

ఫాక్‌లాండ్స్ గెలుపును ఈ వెలుగులోనే చూడాలి. గాలిలో హఠాత్తుగా నాజిళ్లు తిప్పి శత్రువును బోల్తా కొట్టించారన్న కథ అభిమానులకు ఇష్టమే గానీ, ఆ యుద్ధంలో కూల్చివేతలకు అది కారణం కాదు. కొత్త సైడ్‌వైండర్ క్షిపణి ఒక కారణం. తమ తీరం నుంచి అంత దూరం వచ్చిన అర్జెంటీనా పైలట్ల దగ్గర పోరాడటానికి ఇంధనం మిగలకపోవడం మరో కారణం. వాటన్నిటికంటే ముందున్న ప్రశ్న, అసలు అక్కడ బ్రిటన్ యుద్ధ విమానం ఎలా ఉంది అన్నది. ఫాంటమ్ యుద్ధ విమానాలు మోసిన ఆర్క్ రాయల్ నౌక 1979 నాటికే సేవ నుంచి తప్పుకుంది. మిగిలిన హెర్మీస్, ఇన్విన్సిబుల్ నౌకలకు కెటాపుల్టే లేదు. ఫాంటమ్ ఎంత మేలైనదైనా ఆ సముద్రం మీదికి రాలేదు. అక్కడ హారియర్‌కు ప్రత్యామ్నాయం మరో విమానం కాదు, ఏ యుద్ధ విమానమూ లేకపోవడం. మన నౌకాదళానిదీ ఇదే లెక్క. 1983లో సీ హారియర్లు గోవా చేరకపోతే, పాతబడిన సీ హాక్‌ల తర్వాత చిన్న డెక్ ఉన్న తొలి విక్రాంత్‌కు జెట్ యుద్ధ విమానమే ఉండేది కాదు. ఆ హెర్మీసే 1987లో విరాట్‌గా మన దగ్గరికి వచ్చి మరో ముప్పై ఏళ్లు పనిచేసింది. దాన్ని విశాఖలో మ్యూజియంగా నిలపాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రయత్నం మాత్రం ఫలించలేదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ప్రాణాల లెక్క. భారత నౌకాదళం కూడా తన హారియర్లలో సగానికి పైగా ప్రమాదాల్లో పోగొట్టుకుంది. రెక్క మీది నుంచి ఇంజను మీదికి బరువు మారే ఆ కొద్ది క్షణాలు నిజంగానే ప్రమాదకరం. ముక్కు కాస్త పక్కకు తిరిగితే ఇంజను మింగే గాలి విమానాన్ని దొర్లించేస్తుంది. దాన్ని పసిగట్టడానికి పైలట్ అద్దం ముందు చిన్న గాలిరేకు ఒకటి బిగించి ఉండేది. అన్ని టన్నుల జెట్ భద్రత ఆ రేకు మీద పెట్టిన చూపుకు వేలాడేదంటే తప్పు పైలట్లదని ఎలా అంటాం? అయితే ఆ ప్రమాదంలో ఎక్కువ భాగం మనిషి ఒకేసారి మూడు మీటలు సంభాళించాల్సి రావడంలో ఉంది, సూత్రంలో కాదు. బ్రిటన్‌లో ఒక హారియర్‌కు కంప్యూటర్ నియంత్రణ పెట్టి ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలే హారియర్ వారసుడైన అమెరికన్ ఎఫ్-35బి నడిపే పద్ధతికి పునాది. ఇప్పుడు ఆ మార్పు ఒక బటన్ నొక్కితే జరుగుతుంది. ప్రమాదాలు పూర్తిగా పోలేదు. 2022 డిసెంబరులో ఫోర్ట్‌వర్త్‌లో ఒక ఎఫ్-35బి నిలువుగా దిగుతూ దెబ్బతింటే పైలట్ ఎజెక్ట్ అయ్యాడు. కానీ అప్పటి అంకెలతో ఇప్పటి విమానాన్ని శిక్షించడం న్యాయం కాదు.

నేల మీది వాదన దగ్గర మాత్రం నేను అభిమానుల పక్షాన నిలబడలేను. శత్రువు రన్‌వేలు ధ్వంసం చేస్తే అడవిలో దాచిన హారియర్లు పోరాడతాయన్నది ప్రచ్ఛన్న యుద్ధ కాలపు వ్యూహం. పశ్చిమ జర్మనీలో బ్రిటిష్ వాయుసేన దాన్ని సాధన కూడా చేసింది. అయితే విమానం దాక్కున్నా, దానికి ఇంధనం, బాంబులు మోసే లారీల బారు దాక్కోదు. ఆ పనే స్వీడన్ మామూలు యుద్ధ విమానాలతో రోడ్ల మీద చేసి చూపింది. మన దగ్గర 2015లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మిరాజ్ 2000 దిగింది. బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి పైన 2024 మార్చిలో ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి లేచాయి, సుఖోయ్‌లు దిగకుండా తక్కువ ఎత్తులో సాగిపోయాయి. రోడ్డు ఇంత విరివిగా దొరికే చోట, దిగడానికి చదరపు గజాలు లెక్కపెట్టుకునే విమానం కోసం అంత బరువు మోయడం ఎందుకు?

ఆ బరువు ఎంతో ఎఫ్-35బి చెబుతుంది. లాక్‌హీడ్‌లో పాల్ బెవిలాక్వా పాత పొసగనితనానికి తెలివైన విరుగుడు కనిపెట్టాడు. ఇంజను నుంచి ఇరుసు లాగి, పైలట్ వెనక అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఫ్యాన్‌ను తిప్పాడు. దిగేటప్పుడు ఫ్యాన్ చల్లగాలి తోస్తుంది, ఎగిరేటప్పుడు క్లచ్ వదిలేస్తుంది. 2001 జులైలో దీని నమూనా ఎక్స్-35బి ఒకే ప్రయాణంలో కురచ పరుగుతో లేచి, ధ్వనిని దాటి, నిలువుగా దిగింది. ఇవ్వాల్సిన మూల్యం మాత్రం పోలేదు. మామూలు ఎఫ్-35ఎ లోపల సుమారు 8,300 కిలోల ఇంధనం పడితే, ఫ్యాన్ చోటు తినేయడం వల్ల దీనిలో 6,000 కిలోలే. లోపలి బాంబు కూడా 2,000 పౌండ్లది కాదు, 1,000 పౌండ్లదే. దిగేటప్పుడు బరువు ఎక్కువైతే వాడని ఖరీదైన ఆయుధాన్ని సముద్రంలో పారేయాల్సిన అవస్థ పాత సీ హారియర్లకు వేడి ప్రాంతాల్లో ఎప్పుడూ ఉండేది. అది తప్పించుకోవడానికే బ్రిటన్ 2018లో కొత్త పద్ధతి ప్రయత్నించింది: ఎఫ్-35బిని కొద్ది వేగంతో, రెక్క సాయం తీసుకుంటూ క్వీన్ ఎలిజబెత్ నౌక డెక్ మీద దొర్లిస్తూ దింపడం. నిలువుగా లేవడం ఎప్పుడో వదిలేశారు, ఇప్పుడు నిలువుగా దిగడాన్నీ కొంత వదులుకుంటున్నారు. రెక్క బేరం మళ్లీ గెలుస్తోంది.

అయినా బ్రిటన్ ఈ విమానాన్నే అంటిపెట్టుకుంది. 2010లో కెటాపుల్ట్ నుంచి లేచే ఎఫ్-35సి వైపు మొగ్గింది, రెండేళ్లకే నౌకలు మార్చే ఖర్చు చూసి బి వైపు తిరిగి వచ్చింది. హెలికాప్టర్ల కోసం కట్టిన ఇజుమో, కాగా నౌకలను జపాన్ ఇదే విమానం కోసం మారుస్తోంది. అంటే కొనేవాళ్లు విమానాన్ని కాదు, నౌకలో మిగిలే డబ్బును చూస్తున్నారు. ఇప్పుడు భారత్ లెక్క వేరు. యాక్-38ల కోసం కట్టిన గోర్ష్‌కోవ్‌నే స్కీ జంప్, అరెస్టర్ తీగలతో విక్రమాదిత్యగా మార్చుకున్నాం. 2022లో చేరిన కొత్త విక్రాంత్‌కూ అదే అమరిక. డెక్ ఖర్చు అప్పటికే పెట్టేశాక, ఆ ఖర్చు ఆదా చేయడానికి పుట్టిన విమానం కొనడం అర్థం లేని పని. అందుకే 2025 ఏప్రిల్‌లో 26 రఫేల్ మెరైన్ యుద్ధ విమానాల ఒప్పందం సరైనదనిపిస్తుంది. రేపు నౌకాదళం సైనికులను దింపే, తీగలు లేని చదును డెక్ నౌకలు కట్టుకుంటే, వాటి మీద హెలికాప్టర్లే చాలా, యుద్ధ విమానమూ కావాలా అన్న లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వస్తుంది. ఆ రోజు మార్కెట్లో ఉండేది బహుశా ఎఫ్-35బి ఒక్కటే, బేరం అమెరికాతోనే.