దొరకని దస్త్రము

నేను ఉద్యోగవిరమణము చేయుటకు ముందు ఆదిలాబాదు జిల్లాలోని యొక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. ఆషాఢమాసములో ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, ఒక రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని వానలో తడియుచు వచ్చెను. ఆ బాలిక మా పాఠశాలలోనే ఆఱవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు చదివినది. పై చదువునకు కళాశాలలో చేరుటకై ఆమె మఱునాడే కరీంనగరులో జరుగు కౌన్సెలింగునకు పోవలసి యుండెను. స్థానిక విద్యార్థినిగా లెక్కింపబడవలెనన్నచో ఏ యేండ్లు ఎచ్చట చదివినదో తెలుపు స్టడీ సర్టిఫికెట్టు చూపవలెను. మేము పూర్వమిచ్చిన కాగితము ఇంటి కప్పు కాఱి తడిసి, అక్షరములు చెదరి, పనికి రాకుండ పోయినది.

"సారూ, రేపటికి కాగితం లేకుంటే పిల్ల సీటు పోతది" అని ఆ తండ్రి చేతులు జోడించెను.

మా అడ్మిషను రిజిస్టరునకు చెదలు పట్టుటచే, అంతకు రెండేండ్ల క్రిందటనే దానిని పుట పుటకును ఫోటో తీసి కంప్యూటరులో దాచియుంటిమి. కావున భయము లేదని తలచితిని. గుమస్తా కంప్యూటరు ముందు కూర్చుండి, వెదకు గడిలో ఆ బాలిక పేరును ఆంగ్లాక్షరములతో టైపు చేసెను. ఒక నిమిషము గడచెను. ఏదియు లభింపలేదను వాక్యము తెరపై కనబడెను. తండ్రి ముఖము వెలవెల బోయెను.

బాలలారా! అట్టి వాక్యమును చూచి వెంటనే నిరాశ చెందరాదు. లేదని చెప్పుట వేఱు, నేను చూచిన చోట నీవు చెప్పిన రూపములో లేదని చెప్పుట వేఱు. కంప్యూటరు చెప్పునది రెండవ మాట మాత్రమే. ఈ భేదము తెలియుటకు అది వెదకు తీరును కొంత యెఱుగవలెను.

నిజాము కాలపు కచేరీలలో దస్త్రములను గుడ్డలో కట్టి అఱలలో పేర్చెడివారు. ఆ మూటలను బస్తాలనెడివారని మా పెద్దలు చెప్పగా వింటిని. మూటపై గ్రామము పేరును, సంవత్సరమును వ్రాసిన చీటి యున్నచో అది క్షణములో చేతికి వచ్చును. చీటి ఊడిపోయినచో మూట విప్పి కాగితము కాగితమును తిరుగవేయవలసినదే. కంప్యూటరు కూడ ఈ రెండు విధములుగను వెదకును. అది తీరిక వేళలలో కొన్ని ఫోల్డర్లలోని ఫైళ్లను చదివి, ఏ మాట ఏ ఫైలులో నున్నదో తెలుపు పట్టికను వ్రాసికొనును. పెద్ద పుస్తకముల చివర నుండు పదసూచిక వంటిదే యిది. "చెఱువు" అను మాటకెదురుగా 14, 52, 90 అని పుటల సంఖ్యలు ఉన్నచో మనము పుస్తకమంతయు తిరుగవేయము గదా! కంప్యూటరును అట్లే పట్టికను మాత్రము చూచి జవాబు చెప్పును. ఈ పట్టికకు ఇండెక్సు అని పేరు.

అయితే కంప్యూటరు అన్ని చోట్లకును పట్టిక వ్రాయదు. మన పాఠశాలలలో ఎక్కువగా వాడుకలో నున్న విండోసునందు, "క్లాసిక్" అను ఏర్పాటులో, డాక్యుమెంట్లు, చిత్రములు మొదలగు ఫోల్డర్లకును డెస్కుటాపునకును మాత్రమే పట్టిక తయారగును. "ఎన్‌హాన్స్‌డ్" అను రెండవ ఏర్పాటును ఎన్నుకొన్నచో కంప్యూటరంతయు పట్టికలోని కెక్కును. పట్టిక యున్న చోట ఫైలు పేరే కాక లోపలి మాటలును వెదకబడును. పట్టిక లేని చోట సాధారణముగా పేరును మాత్రమే చూచును, అదియు ఆలస్యముగా. ఫోల్డరు ఆప్షన్లలోని సెర్చి భాగమున, పేర్లతో పాటు లోపలి విషయమును గూడ చూడుమని గుర్తు పెట్టవచ్చును గాని, అప్పుడు ఇంకను ఆలస్యమగును.

మా గుమస్తా డాక్యుమెంట్ల ఫోల్డరును తెఱచి వెదకినాడు. ఫోటోలను దాచినది "డి" డ్రైవులో. వీథి యొకటి, ఇల్లు మఱియొకటి! విండోసు మీటను, ఇ అక్షరమును కలిపి నొక్కి ఎక్స్‌ప్లోరరును తెఱచి, ఎడమ ప్రక్క "దిస్ పీసీ" అను మాటపై నొక్కి, పిదప ఎఫ్3 మీట నొక్కి వెదకుమంటిని. అప్పుడు కంప్యూటరంతయు వెదకబడును. అట్లు చేసినను ఫలము లేకపోయెను.

అంతట నా దృష్టి పేరు మీదికి పోయినది. ఆ బాలిక పేరులో "లక్ష్మి" శబ్దము కలదు. దానిని ఆంగ్లములో కొందఱు కె, ఎస్, హెచ్ అను మూడక్షరములతో వ్రాయుదురు. మన తెలంగాణములో ఎక్కువమంది ఎక్స్ అను ఒక్క అక్షరముతో సరిపెట్టుదురు. మనకు రెండును ఒకటియే, కంప్యూటరునకు రెండును వేఱు. జగిత్యాల పేరునకును ఇదే గతి. గకారము తరువాత ఐ అక్షరమును కొందఱు చేర్చుదురు, కొందఱు చేర్చరు. ఇట్టి సందేహమున్న చోట తెలిసిన భాగమును మాత్రము వ్రాసి, తెలియని భాగమునకు బదులుగా నక్షత్రపు గుర్తు నుంచవలెను. నక్షత్రము ఎన్ని యక్షరములకైనను బదులు నిలుచును. ప్రశ్నార్థకము ఒక్క యక్షరమునకే.

తెలుగులో వ్రాసినంత మాత్రమున చిక్కు తీరదు. ఆదిలాబాదును కొందఱు దీర్ఘముతోను, కొందఱు హ్రస్వముతోను మొదలు పెట్టుదురు. కరీంనగర్ అని సున్నతో వ్రాయువారు కలరు, పొల్లు మకారముతో కరీమ్‌నగర్ అని వ్రాయువారును కలరు. ఈ రెండవ రూపములో మకారమునకును నకారమునకును నడుమ కంటికి కనబడని వియోజక చిహ్నము కూడ నొకటి ఉండవచ్చును. అది లేనిచో నకారము మకారమునకు వత్తుగా చేరిపోవును. చూపునకు లేనిదైనను కంప్యూటరు దానిని లెక్కలోనికి తీసికొనును. "కరీంనగర" అని మాత్రము వ్రాసి నక్షత్రము చేర్చినచో కరీంనగర్, కరీంనగరు, కరీంనగరులో అను రూపములన్నియు ఒక్క మారే చిక్కును. విభక్తులు చేరు భాషకు ఈ ఉపాయము మిక్కిలి యనుకూలము.

పేర్లు మాఱుటయు నొక చిక్కే. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మన జిల్లాలు విభజింపబడినవి. నాటివఱకు కరీంనగరు జిల్లాలోనున్న సిరిసిల్ల, పెద్దపల్లి, జగిత్యాల ప్రాంతములకును, ఆదిలాబాదు జిల్లాలోనున్న నిర్మల, మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతములకును వేఱు జిల్లాలు ఏర్పడినవి. 2015లో వ్రాసిన సిరిసిల్ల కాగితమును నేటి జిల్లా పేరుతో వెదకినచో ఎట్లు దొరకును?

ఇంతకును కంప్యూటరు అక్షరముల నెఱుగదు. అది యెఱిగినవి సంఖ్యలు. యూనికోడు అను అంతర్జాతీయ ప్రమాణములో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు అకారమునకు 3077, కకారమునకు 3093 సంఖ్యలు. మనము "క" అని వెదకినచో కంప్యూటరు 3093 కొఱకు గాలించును. యూనికోడు వ్యాపింపక పూర్వము ముద్రణాలయములలో వాడిన ఖతులు అనేకము ఆంగ్లాక్షరముల సంఖ్యలపై తెలుగు బొమ్మలను తొడిగినవి. వానితో వ్రాసిన పుట తెరపై చక్కని తెలుగుగా కనబడును గాని, కంప్యూటరు లెక్కలో అది అర్థము లేని ఆంగ్లాక్షరముల వరుస. దానిలో తెలుగు మాట వెదకినచో దొరకదు. ముందుగా దానిని యూనికోడులోనికి మార్చుకొనవలెను.

మన ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున గోండీభాషలో, ప్రత్యేక లిపిలో వ్రాసిన ప్రతులు వెలుగులోనికి వచ్చినవి. గుంజాల గోండి లిపి యని దానికి పేరు. 2018వ సంవత్సరమున వెలువడిన యూనికోడు 11వ కూర్పులో ఆ లిపికిని సంఖ్యలు లభించినవి. అంతకు పూర్వము ఆ యక్షరములను ఏదో యొక ఖతితో తెరపై చూపవచ్చునేమో గాని, ఎవరి కంప్యూటరులోనైనను ఒకే తీరున వెదకుటకు వీలు లేకుండెను. ఒక భాషవారు తమ తాతల మాటను తమ లిపిలోనే వెదకి పట్టుకొనగలుగుట చిన్న విషయమా?

ఇక మా కథకు వత్తము. ఎక్స్ అక్షరముతో వెదకితిమి, తెలుగులో వెదకితిమి, నక్షత్రము చేర్చి వెదకితిమి. దొరకలేదు. వెలుపల చీకటి పడుచుండెను. అప్పుడు గాని నాకు అసలు కారణము తోచలేదు. మేము దాచినవి ఫోటోలు! ఆ బొమ్మలలో పేర్లున్నవి గాని, కంప్యూటరునకు అవి నలుపు తెలుపు చుక్కలే. చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారి పూనికతో పది లక్షల పుస్తకములను బొమ్మలుగా మార్చి భద్రపఱచు గొప్ప పథకము నడచినది. తెలుగు పుస్తకములును అందు వేలకొలది చేరినవి. వానిని చదువగలము గాని, లోపలి మాటను వెదకవలెనన్నచో బొమ్మలోని యక్షరమును గుర్తుపట్టి సంఖ్యగా మార్చు వేఱొక సాధనము కావలెను. వత్తులును గుణింతములును గల తెలుగునకు అది అచ్చు పుస్తకములలోనే కష్టము. చేతివ్రాత మాట చెప్పనేల?

పేరుతో దొరకని దానిని తేదీతో వెదకవలెనని నిశ్చయించితిమి. రిజిస్టరును ఫోటో తీసినది రెండేండ్ల క్రిందటి వేసవి సెలవులలో, మే నెలలో. చిత్రములు మాత్రమే, ఆ నెలలో మార్పు చెందినవి మాత్రమే చూపుమని కంప్యూటరునకు చెప్పితిమి. తెరనిండ బొమ్మలు వచ్చినవి. లెక్కింపగా 312. అన్నిటికిని కెమెరా తానై పెట్టిన అంకెల పేర్లు!

"అన్నీ ఒక్కొక్కటి చూస్తే తెల్లారుతుంది సార్" అని గుమస్తా నిట్టూర్చెను. అక్కఱలేదంటిని. రిజిస్టరులో ప్రవేశసంఖ్యలు వరుసగా పెరుగును. ఫోటోలును ఆ వరుసనే తీయబడినవి. నిఘంటువులో మాట చూచునట్లు నడిమి బొమ్మను తెఱవుము. ఆ బాలిక చేరిన సంవత్సరము అంతకు ముందున్నదా, తరువాత నున్నదా? ఉన్న సగమును నిలుపుకొని, రెండవ సగమును విడువుము. మరల దాని నడుమ చూడుము. ఇట్లు 312 బొమ్మలు 156, 78, 39 అగుచు తగ్గిపోవును. లెక్క వేసి చూడుడు. తొమ్మిది మారులకు మించదు. మేము ఎనిమిదవ మారు తెఱచిన పుటలో ఆ బాలికయే తన తండ్రి సంతకమును గుర్తుపట్టి, "గదే సార్, గదే!" అని కేక వేసెను.

సర్టిఫికెట్టు వ్రాసి, సంతకము చేసి, ముద్ర వేసి ఇచ్చుసరికి రాత్రి ఎనిమిది దాటినది. తెల్లవాఱుజామున మొదటి బస్సునకు వారు కరీంనగరు వెళ్లిరి.

ఆ రాత్రి మా వెదకులాట ఫలింపకపోవుటకు మఱి రెండు కారణములును ఉండదగినవి. మీ కెదురు కావచ్చును గనుక చెప్పెదను. ఫైలు పొరపాటున తుడిచివేయబడినచో రీసైకిల్ బిన్ అను చెత్తబుట్టలో పడియుండును. దానిని వేఱుగా తెఱచి చూడవలెను. ఇక పట్టికయే పాడైనచో, కన్నుల యెదుట నున్న ఫైలును గూడ కంప్యూటరు లేదనును. అప్పుడు ముందుగా కంప్యూటరును ఒకసారి ఆర్పి వెలిగింపుడు. అందులకును లొంగనిచో, కంట్రోల్ ప్యానెలులోని ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెఱచి, అడ్వాన్స్‌డ్ అను చోట రీబిల్డ్ నొక్కినచో పట్టిక మొదటినుండి మరల వ్రాయబడును. ఫైళ్లకు హాని కలుగదు. గంటల కాలము పట్టవచ్చును గనుక విద్యుత్తు పోని వేళ చూచి మొదలు పెట్టుట మేలు.

మఱుసటి వారము నుండి నేనును గుమస్తాయు దినమునకు పది చొప్పున ఆ బొమ్మలకు పేర్లు పెట్టనారంభించితిమి. ముందు సంవత్సరము, తరువాత మొదటి ప్రవేశసంఖ్య, తుది ప్రవేశసంఖ్య, ఆపై జిల్లా పేరు. మొదటి దినముననే గుమస్తా వ్రేళ్లను కీబోర్డుపై నిలిపి, "సార్, ఆదిలాబాదుకు దీర్ఘం పెట్టాలా, వద్దా?" అని యడిగెను. దీర్ఘమే పెట్టుము, 312 బొమ్మలకును దీర్ఘమే పెట్టుమంటిని.