ఆ నాలుగు స్వరాల గుబులు!

అర్ధరాత్రి. పాడుబడ్డ బంగళా. చేతిలో కొవ్వొత్తితో కథానాయిక ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పైన గది తలుపు దానంతటదే కిర్రుమంటూ తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే... ఢాం! టీవీలోంచి ఓ సంగీతం ముక్క. సోఫాలో కూర్చున్న చిన్నది అమ్మ కొంగులో దూరిపోయింది. 'భయమెందుకే, ఉత్త సినిమానే కదా' అంటూనే నాన్న కూడా ఓసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

నిజానికి తెరమీదకి దెయ్యం ఇంకా రానేలేదు. మరి భయం ఎక్కణ్నుంచి వచ్చింది?

చెవిలోంచి! చాలాసార్లు ఆ పని చేసేది నాలుగే నాలుగు స్వరాలు. పాశ్చాత్య సంగీతంలో వాటి కలయికకి 'డిమినిష్డ్ సెవెన్త్' అని పేరు. మూకీ సినిమాల రోజుల్లో హాల్లో పియానో ముందు కూర్చున్నవాళ్లు విలన్ కనిపించగానే దీన్నే గబగబా మోగించేవారు. మీ ఇంట్లో గిటార్ నేర్చుకుంటున్న అబ్బాయో అమ్మాయో ఉంటే ఏదో ఒకరోజు ఈ పేరు వాళ్ల నోట వినే ఉంటారు. 'అబ్బో, అదేదో పెద్ద విద్య' అనుకుని చాలామంది దాని జోలికే వెళ్లరు. కానీ గిటార్ మీద దీన్ని పట్టడానికి రెండు వేళ్లు చాలు. పైగా దాని అసలు పని భయపెట్టడం కాదు... దారి చూపించడం!

కీరవాణి తెలిస్తే చాలు!

మన రాగాల సాయంతో చూస్తే దీని గుట్టు సులభంగా తెలిసిపోతుంది. 72 మేళకర్తల్లో 21వది కీరవాణి. పడమటివాళ్లు 'హార్మోనిక్ మైనర్' అని పిలుచుకునే స్వరాల వరసా ఇదీ ఒక్కటే. గమకాలూ, పాడే తీరూ వేరు కావచ్చు కానీ స్వరస్థానాలు అవే.

ఇప్పుడు కీరవాణిలోని ఏడు స్వరాలనీ రెండు జట్లుగా విడగొట్టండి. ఒక జట్టు: స, గ, ప. ఈ మూడింటినీ ఒకేసారి మోగిస్తే వచ్చేదే 'మైనర్ కార్డ్'. కాస్త దిగులుగా ఉన్నా స్థిమితంగా ఉంటుంది. అదే ఇల్లు అనుకోండి. మిగిలినవి: ని, రి, మ, ద. ఈ నాలుగూ కలిస్తే వచ్చేదే మనం చెప్పుకుంటున్న డిమినిష్డ్ సెవెన్త్. అంటే రాగంలో ఇంట్లో కూర్చున్నవాళ్లు ముగ్గురైతే, బయట తిరిగేవాళ్లు నలుగురన్నమాట!

ఆ నలుగురూ ఇంటి గుమ్మం దగ్గరే ఉంటారు. కాకలి నిషాదం ఒక్క మెట్టు ఎక్కితే షడ్జమం. రిషభం ఒక్క మెట్టు ఎక్కితే గాంధారం. ధైవతం ఒక్క మెట్టు దిగితే పంచమం. మధ్యమానికి మాత్రం రెండు మెట్లు... పైకెళ్తే పంచమం, కిందకొస్తే గాంధారం. అందుకే ఆ నాలుగు స్వరాలూ మోగగానే మన చెవి 'ఇప్పుడు లోపలికి రావాలి' అని ఎదురుచూస్తుంది. వచ్చేదాకా ఓ ఆరాటం. వచ్చాక హమ్మయ్య అనే ఓ నిట్టూర్పు. సినిమావాళ్లు చేసే మాయల్లా ఒక్కటే... లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే నిలబెట్టేస్తారు!

ఎందుకంత గుబులు?

సప్తకంలో స్వరస్థానాలు పన్నెండు. మామూలు కార్డుల్లో స్వరాల మధ్య దూరాలు ఎక్కువ తక్కువలుగా ఉంటాయి. మైనర్‌లో మొదట మూడు స్థానాలు, తర్వాత నాలుగు. మేజర్‌లో మొదట నాలుగు, తర్వాత మూడు. ఆ తేడాని బట్టే వీటిలో పెద్ద ఎవరో చెవి పోల్చుకుంటుంది. డిమినిష్డ్ సెవెన్త్‌లో అలా కుదరదు. పన్నెండుని నాలుగు సమాన భాగాలు చేసినట్టు, ప్రతి రెండు స్వరాల మధ్యా సరిగ్గా మూడే స్థానాలు. ఎటు చూసినా ఒకేలా ఉండే గుండ్రటి గదిలో నిలబడితే తూర్పేదో పడమరేదో తెలీనట్టు, ఇందులో మొదటి స్వరం ఏదో చెవికి అంతుపట్టదు.

దానికి తోడు ఇందులో ఎదురెదురుగా ఉన్న జంటలు రెండున్నాయి. నిషాదం, మధ్యమం ఒకటి... రిషభం, ధైవతం మరొకటి. ఏ జంట చూసినా ఇద్దరి మధ్యా సరిగ్గా సగం సప్తకం. దీన్నే 'ట్రైటోన్' అంటారు. దానికి 'సంగీతంలో దెయ్యం' అనే ముద్దుపేరు కూడా ఉంది! మధ్యయుగాల్లో చర్చి ఈ ధ్వనిని నిషేధించిందని ఓ కథ ప్రచారంలో ఉంది కానీ దానికి ఆధారాల్లేవు. అప్పటి స్వరకర్తలు దాన్ని కటువుగా భావించి దూరంగా ఉంచిన మాట మాత్రం నిజం.

రెండు వేళ్లు చాలు

గిటార్ మెడమీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలని ఫ్రెట్స్ అంటారు. వీణ మీద మెట్ల లాంటివే. సన్నటి తీగ మొదటిది, లావుపాటిది ఆరోది. 'ఏ మైనర్' నేర్చుకున్నవాళ్లెవరైనా ఈ చిన్న ప్రయోగం చేయొచ్చు.

కింది నాలుగు తీగలే మీటండి. అయిదు, ఆరు తీగల జోలికి వెళ్లొద్దు. నాలుగో తీగ ఖాళీ. మూడో తీగ మొదటి ఫ్రెట్ దగ్గర ఓ వేలు. రెండో తీగ ఖాళీ. మొదటి తీగ మొదటి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలు. ఇప్పుడు మీటితే మోగేవి డి, జి షార్ప్, బి, ఎఫ్. అంతే! ఇదే జి షార్ప్ డిమినిష్డ్ సెవెన్త్. వెంటనే 'ఏ మైనర్' పట్టండి. నాలుగో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ మొదటి ఫ్రెట్, మొదటి తీగ ఖాళీ. మొదటిదాంట్లోని ఆరాటం, రెండోదాంట్లో కుదుటపడటం చెవికి ఇట్టే తెలుస్తాయి.

ఇక అసలు గమ్మత్తు. రెండు వేళ్లతో పట్టిన ఆ కార్డ్‌నే మూడు ఫ్రెట్లు పైకి జరపండి. నాలుగో తీగ మూడు, మూడో తీగ నాలుగు, రెండో తీగ మూడు, మొదటి తీగ నాలుగు. ఖాళీ తీగలు లేవు కాబట్టి ఈసారి నాలుగు వేళ్లూ కావాలి. ఇప్పుడు మోగేవి ఎఫ్, బి, డి, జి షార్ప్. అవే స్వరాలు, వరస మారిందంతే! ఇంకో మూడు ఫ్రెట్లు జరిపినా అవే. ఆపైన మరో మూడు జరిపినా అవే. సమాన దూరాల మహిమ అది. అందువల్ల పన్నెండు స్వరస్థానాల్లో ఎక్కడ మొదలుపెట్టినా మొత్తమ్మీద వచ్చే డిమినిష్డ్ సెవెన్త్‌లు మూడే మూడు. ఒక్క ఆకారం నేర్చుకుంటే మెడంతా మనదే!

ఇది 'ఇ సెవెన్' అనే కార్డ్‌కి దగ్గరి చుట్టం కూడా. ఏ మైనర్ పాటల్లో ఇంటికి తిరిగొచ్చే ముందు సాధారణంగా వచ్చేది ఇ సెవెనే. అది పట్టుకుని మొదటి తీగ మొదటి ఫ్రెట్ మీద చిటికెన వేలు ఆనించి కింది నాలుగు తీగలూ మీటండి... మన నాలుగు స్వరాలూ ప్రత్యక్షం! అంటే పాటలో ఇ సెవెన్ ఉన్నచోట దీన్ని వాడి చూడొచ్చన్నమాట.

కాలిన చెయ్యి... కరగని పట్టుదల

ఈ స్వరాలని గిటార్ మీద పరుగులు పెట్టించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది జాంగో రైన్‌హార్ట్ గురించి. 1910లో బెల్జియంలో ఓ సంచారజాతి కుటుంబంలో పుట్టాడు. పారిస్ శివార్లలో గుర్రపు బండినే ఇల్లు చేసుకుని బతికేవారు. బళ్లో చదువుకున్నది లేదు. స్వరలిపి చదవడం రాదు. అయినా పన్నెండు పదమూడేళ్లకే డాన్సు హాళ్లలో వాయించి సంపాదించేవాడు.

1928 నవంబరు. జాంగోకి అప్పుడు 18 ఏళ్లు. అమ్ముకోవడానికి భార్య తయారుచేసిన సెల్యులాయిడ్ పూలు బండి నిండా ఉన్నాయి. కొవ్వొత్తి మంట వాటికి అంటుకుంది. క్షణాల్లో బండి మొత్తం భగ్గుమంది. ప్రాణాలైతే దక్కాయి కానీ కాలు, ఎడమచెయ్యి దారుణంగా కాలిపోయాయి. కాలు తీసేయాలన్నారు వైద్యులు. ఒప్పుకోలేదతను. నెలల తరబడి మంచంమీదే ఉన్నాడు. ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ ముడుచుకుపోయి ఇక పూర్తిగా సాగలేదు. గిటార్‌కి ఆ చెయ్యే ప్రాణం. ఇక వాయించడం కల్లే అనుకున్నారంతా.

తమ్ముడు గిటార్ తెచ్చిచ్చాడు. జాంగో మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాడు. నాలుగు వేళ్లతో చేసే పనిని చూపుడు వేలూ మధ్య వేలూ ఈ రెండింటితోనే చేయడం సాధన చేశాడు. ముడుచుకుపోయిన వేళ్లని కార్డులు పట్టేటప్పుడు సన్నటి తీగల మీద ఆనించేవాడు. అడ్డంగా తీగలు మారడం కష్టమైతే నిలువుగా మెడ పొడవునా పరుగెత్తడం అలవాటు చేసుకున్నాడు. అలాంటి చేతికి డిమినిష్డ్ సెవెన్త్ స్వరాలు ఎంత అనువైనవో ఆలోచించండి. ఒకే తీగమీద ఒకటి, నాలుగు, ఏడు, పది... మూడేసి ఫ్రెట్లకో స్వరం. రెండు వేళ్లు చాలు. ఒకసారి లెక్క పట్టుబడితే ఇక వెతుక్కోవాల్సిన పనే లేదు!

1934లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రపెల్లితో కలిసి పారిస్‌లో మూడు గిటార్లు, ఓ వయొలిన్, ఓ బాస్‌తో బృందం కట్టాడు. 1937లో వాళ్లు రికార్డు చేసిన 'మైనర్ స్వింగ్' ఇప్పటికీ ఆ బాణీ గిటారిస్టులకి తొలి పాఠం. అందులో ప్రధానంగా ఉండేవి మూడే కార్డులు: ఏ మైనర్, డి మైనర్, ఇ సెవెన్. ఆ ఇ సెవెన్ వచ్చిన చోటల్లా జి షార్ప్ డిమినిష్డ్ స్వరాలని జలపాతంలా జార్చడం జిప్సీ జాజ్‌లో ఓ సంప్రదాయంగా మారిపోయింది. 1953లో 43 ఏళ్లకే జాంగో కన్నుమూశాడు. కానీ పది వేళ్లూ ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ వేగాన్ని అందుకోవాలనే ప్రయత్నిస్తున్నారు!

గుడి నుంచి రాక్ దాకా

ఈ స్వరాల ప్రయాణం జాంగోతో మొదలైందేం కాదు. జర్మన్ స్వరకర్త బాక్ 1727లో లైప్‌జిగ్ చర్చిలో వినిపించిన 'సెయింట్ మాథ్యూ ప్యాషన్'లో ఓ ఘట్టం ఉంది. 'ఎవరిని విడుదల చేయమంటారు?' అని పిలాతు అడుగుతాడు. 'బరబ్బను' అని జనం ఒక్క గొంతుతో అరుస్తారు. ఆ ఒక్క అరుపూ డిమినిష్డ్ సెవెన్తే! అన్యాయం జరిగిపోయిందని మాటల్లేకుండానే చెప్పేశాడు బాక్. ఆయన పేరుమీదే ప్రసిద్ధమైన డి మైనర్ టొకాటాలోనూ, తొలి మెరుపుల తర్వాత కిందనుంచి ఒక్కో స్వరమే పేర్చుకుంటూ వచ్చేదీ ఇదే. 1931లో వచ్చిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' సినిమా మొదలయ్యేది ఆ సంగీతంతోనే. 1821లో బెర్లిన్‌లో ప్రదర్శించిన వెబర్ సంగీత నాటకం 'డెర్ ఫ్రైషుట్జ్'లో సామియేల్ అనే దుష్టశక్తి వచ్చినప్పుడల్లా వినిపించేవీ ఈ స్వరాలే.

అక్కణ్నుంచి ఒక్క గెంతులో ఎలక్ట్రిక్ గిటార్ దగ్గరికి వచ్చేద్దాం. 1984లో స్వీడన్ కుర్రాడు ఇంగ్వీ మామ్‌స్టీన్ 'రైజింగ్ ఫోర్స్' ఆల్బమ్‌తో రాక్ ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశాడు. హార్మోనిక్ మైనర్‌నీ డిమినిష్డ్ స్వరాల్నీ మెరుపు వేగంతో వాయించే ఆ శైలి ఎందరో కుర్రకారుకి పాఠమైంది. చర్చిలో పుట్టిన వేదన, దేశదిమ్మరుల బళ్ల దగ్గర చిందులేసి, ఆంప్లిఫయర్లోంచి ఉరిమిందన్నమాట!

నాలుగు రోడ్ల కూడలి

దీనికి ఇంకో విద్య కూడా తెలుసు. నాలుగు స్వరాలూ సమానమే కాబట్టి ఎవరైనా నిషాదం పాత్ర వేయొచ్చు. జి షార్ప్ నిషాదం అనుకుంటే ఏ మైనర్‌కి దారి. బి అనుకుంటే సి మైనర్‌కి. డి అనుకుంటే ఇ ఫ్లాట్ మైనర్‌కి. ఎఫ్ అనుకుంటే ఎఫ్ షార్ప్ మైనర్‌కి. ఒకే కార్డ్... నాలుగు ఊళ్లు! పాట మధ్యలో వినేవాళ్లకి తెలీకుండా శ్రుతి మార్చేయాలంటే ఈ కూడలిలో ఓ క్షణం ఆగి వేరే వీధిలోకి తిరిగితే సరి.

కావాలంటే ఇంతకుముందు మూడు ఫ్రెట్లు జరిపి పట్టిన ఆకారం నుంచి సి మైనర్‌కి వెళ్లి చూడండి. నాలుగో తీగ అయిదు, మూడో తీగ అయిదు, రెండో తీగ నాలుగు, మొదటి తీగ మూడు. వెళ్లాల్సిన ఇల్లు వేరే అయినా తలుపు ఎంత సహజంగా తెరుచుకుంటుందో!

అయితే ఒక్క జాగ్రత్త. ఇది కూరలో ఇంగువ లాంటిది. చిటికెడు పడితే ఘుమఘుమ, చెంచాడు పడితే కూర మొత్తం పాడు. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ప్రతి వరసలోనూ ఇరికిస్తే గుబులు పోయి విసుగు మిగులుతుంది. ముందు ఏ మైనర్‌లో నెమ్మదిగా సాగే పాట ఒకటి తీసుకోండి. పల్లవి చివర ఇ సెవెన్ వచ్చేచోట, నాలుగు దెబ్బల్లో చివరి రెండింటికి మాత్రం దీన్ని వాయించండి. తర్వాత తప్పకుండా ఏ మైనర్‌కి వచ్చేయండి. మొదట్లో నెమ్మదిగా, చెవి వింటూ ఉండగా వాయిస్తేనే తేడా తెలుస్తుంది. వేగం తర్వాత దానంతటదే వస్తుంది.

ఈసారి టీవీలో కొవ్వొత్తి పట్టుకుని కథానాయిక మెట్లెక్కుతున్నప్పుడు 'ఢాం' అని వినిపిస్తే, కొంగులో దూరబోయే చిన్నదానితో చెప్పండి... 'అది దెయ్యం కాదే. ఇల్లెక్కడా అని వెతుక్కుంటున్న నాలుగు స్వరాలు. పక్కగదిలో అన్నయ్య చేతిలో గిటార్ ఉందిగా. వెళ్లి, వాటిని ఇంటికి చేర్చమను!'