గాలి, నీరు, శాసనసభ

శాసనము చేయుట యొక పని. చేసిన శాసనము నడచుచున్నదా యని విచారించుట మఱియొక పని. మన ప్రజాప్రతినిధులు మొదటిదానియందు చూపు శ్రద్ధలో సగమైనను రెండవదానియందు చూపుట లేదు. గాలిని, నీటిని కాపాడుటకై యేర్పడిన శాసనముల విషయమున నీ యుపేక్ష ప్రాణాంతకము. ఇప్పుడా శాసనములే మారుచున్నవి. 2023లో పార్లమెంటు జనవిశ్వాస శాసనముచే 1981 నాటి వాయుకాలుష్య శాసనమును, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ శాసనమును సవరించినది. 2024 ఫిబ్రవరిలో 1974 నాటి జలకాలుష్య శాసనమును సవరించినది. శిక్షలు సడలినవి, మినహాయింపులకు త్రోవ యేర్పడినది. ఈ మార్పులను పరిశీలించునపుడు మన శాసనసభ్యులు రాజధానిలోని కచేరీలనుండి గాక, మంజీర చెంతనున్న రాయికోడు వంటి మండలమునుండి చూడవలెనని మా మనవి.

రాయికోడు సంగారెడ్డి జిల్లాలోని యొక చిన్న మండలకేంద్రము. శాసనసభకు ఆందోలు నియోజకవర్గమునను, లోకసభకు జహీరాబాదు నియోజకవర్గమునను చేరినది. ప్రత్తి, కంది, జొన్న పండించుకొని బ్రదుకు రైతుల సీమ. మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు జిల్లా మీదుగా వచ్చు మంజీర యీ ప్రాంతముననే తెలంగాణమున నడుగిడి సింగూరు జలాశయమును నింపుచున్నది. ఇంచుమించు ముప్పది టి.ఎం.సి.ల నీరు పట్టు జలాశయమది. దానికి దిగువ సంగారెడ్డి సమీపమున మంజీర జలాశయము కలదు. 1965 నుండి మంజీర నీరు హైదరాబాదు నగరమునకు త్రాగునీరైనది. అటుపై నది యుత్తరమునకు మఱలి, మెదకు సీమను తడిపి, నిజాంసాగరమును నింపి, కందకుర్తి కడ గోదావరిలో కలియుచున్నది. కావున ఎగువన నీటిలో పడినది ఎగువనే నిలిచిపోదు. రాయికోడు రైతు బావి యొక్కటియే గాదు, రాజధానిలోని బిడ్డ పాలగిన్నెయు నీ నీటితో ముడివడి యున్నది.

కాలుష్య శాసనములు కాగితముపై నుండి, నేలపై లేకుండినచో నేమగునో యూహించుకొన బనిలేదు. ఇదే జిల్లాలో పటాన్‌చెరువు–బొల్లారము కథ మన కన్నులయెదుటనే జరిగినది. 1970వ దశకమునుండి యచ్చట పారిశ్రామికవాడలు వెలసినవి. రసాయనముల కర్మాగారములు, మందుల కర్మాగారములు వచ్చినవి. వేలమందికి పని దొరకినది. దానిని కాదనువారు లేరు. కాని వాని వ్యర్థజలము చుట్టుపట్ల వాగులలోనికి, చెరువులలోనికి పాఱినది. నక్కవాగు దానిని మోసికొనిపోయి మంజీరలో కలిపినది. పొలములు బీళ్లయినవి, బావినీరు నోటబెట్టుటకు గాకుండపోయినది.

1990లో ఈ బాధ సుప్రీంకోర్టు గడపకెక్కినది. అచ్చటనుండి హైకోర్టునకు, హైకోర్టునుండి జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయి, 2017 అక్టోబరులో తీర్పు వెలువడినది. ఇరువదియేడు సంవత్సరములు! వ్యాజ్యము వేసిననాడు పుట్టిన శిశువు తీర్పునాటికి తానే బిడ్డలను గన్న తల్లియై యుండును. పటాన్‌చెరువు వైద్యులు అల్లాని కిషన్‌రావుగారి వంటివారు దశాబ్దముల తరబడి పోరాడినగాని యా గ్రామముల మొఱ దేశమునకు వినబడలేదు. గమనింపదగిన విషయమేమన, ఆ కాలమంతయు 1974 నాటి శాసనము కలదు. 1981 నాటి శాసనము కలదు. కాలుష్య నియంత్రణ మండలియు కలదు. శాసనము లేక యీ యనర్థము కలుగలేదు. శాసనమును నడపించువారు లేక కలిగినది.

వ్యర్థజలమును శుద్ధిచేయుటకు ఉమ్మడి శుద్ధికేంద్రమును స్థాపించిరి. మంచిదే. కాని 2007లో స్వీడను దేశపు పరిశోధకులు ఆ కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి ప్రకటించిన సంగతి లోకమును విస్మయపఱచినది. శుద్ధియైన పిదప విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. ఆ మందును మ్రింగిన రోగి రక్తమునందుండు పరిమాణముకంటె నిది యధికము. ఇట్టి నీటిలో బ్రదుకు సూక్ష్మజీవులు మందునకు లొంగని మొండిజీవులగునని వైద్యులు భయపడుచున్నారు. కేంద్రప్రభుత్వము 2020 జనవరిలో ఇట్టి మందుల యవశేషములకు పరిమితులను నిర్ణయించుచు ముసాయిదాను ప్రకటించినది. 2021లో తుది నియమములు వచ్చునప్పటికి ఆ పరిమితులు జాఱిపోయినవి. ముసాయిదాలో నున్నది నియమములలో నేల లేకపోయినదని యే సభలో నెవరడుగవలెను? ఈ ప్రశ్న అడుగుటకే గదా ప్రజలు ప్రతినిధులను పంపినది!

ఇక రాయికోడు దిక్కు చూతము. దాని పొరుగు మండలములైన న్యాలకల్, ఝరాసంగములలో 17 గ్రామముల పరిధిలో సుమారు 12,600 ఎకరముల జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలము తలపెట్టబడినది. 2024 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము జహీరాబాదు పారిశ్రామిక నగరమునకు ఆమోదమిచ్చినది. 3,245 ఎకరములు, రమారమి 2,361 కోట్ల రూపాయల పథకము. ఆ సంవత్సరముననే న్యాలకల్ మండలమున డప్పూరు, మల్గి, వడ్డి గ్రామముల రైతులు మందుల కర్మాగారములకై తమ భూముల నీయజాలమని యెదిరించిరి. వారిది మూఢత్వమని కొందఱనవచ్చును. కాని వారు పటాన్‌చెరువును చూచినవారు. చూచి భయపడువాడు మూఢుడు కాడు.

పటాన్‌చెరువునకును, ఈ సీమకును ముఖ్యమైన భేద మొకటి కలదు. నక్కవాగు మంజీరలో కలియుచోటు నగరమునకు నీరు తీయు జలాశయములకు దిగువ. న్యాలకల్, ఝరాసంగముల నేల వాలు సింగూరునకు ఎగువ. పటాన్‌చెరువులో జరిగినదే యిచ్చట జరిగెనేని, విషము ముందుగా త్రాగునీటి జలాశయముననే చేరును. ఈ యొక్క సంగతి శాసనసభ్యుల మనసులో నాటుకొన్నచో, వారి పరిశీలన తీరే మాఱును.

ఇప్పుడు శాసనముల మాట. జలకాలుష్య శాసనము పుట్టుకయే విశేషమైనది. నీరు రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలోనిది. కావున 252వ అధికరణము ననుసరించి పండ్రెండు రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరగా 1974లో పార్లమెంటు దానిని చేసినది. తక్కిన రాష్ట్రములు తరువాత తీర్మానములచే స్వీకరించినవి. 2024 సవరణయు మొదట హిమాచలప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములకును, కేంద్రపాలిత ప్రాంతములకును మాత్రమే వర్తించినది. ఇతర రాష్ట్రములలో నది చెల్లవలెనన్న ఆయా శాసనసభ తీర్మానము కావలసినదే. అనగా తాళపుచెవి పార్లమెంటు చేతిలో గాదు, మన సభ చేతిలో నుంచబడినది. మఱియొక ముఖ్యవిషయము: ఒకసారి స్వీకరించిన పిదప అట్టి శాసనమును రాష్ట్ర శాసనసభ తనంతట తాను మార్చజాలదు, రద్దుచేయజాలదు. కావున చేయెత్తుటకు ముందే యాలోచింపవలెను. ఎత్తిన పిదప చింతించి ఫలము లేదు.

ఆ సవరణలో నేమున్నది? నదులలో, బావులలో విషపదార్థములను విడిచినవారికి పూర్వశాసనము ఒకటిన్నర సంవత్సరమునుండి ఆరు సంవత్సరముల వఱకు చెఱసాల విధించినది. సవరణ ఆ శిక్షను తీసివైచి, పదివేలనుండి పదునైదు లక్షల రూపాయల వఱకు జరిమానా పెట్టినది. కొన్ని తరగతుల పరిశ్రమలకు మండలి యనుమతియే యక్కఱలేదని మినహాయించు నధికారమును కేంద్రమునకిచ్చినది. రాష్ట్రమండలి యధ్యక్షుని నియమించు పద్ధతిని నిర్ణయించు నధికారమును గూడ కేంద్రమునకే యిచ్చినది.

సవరణను సమర్థించువారి వాదమునందు కొంత సత్యము లేకపోలేదు. చిన్నచిన్న కాగితపు లోపములకు చెఱసాల భయము చూపుట న్యాయము కాదు; అది లంచగొండితనమునకు దారితీయును. క్రిమినలు న్యాయస్థానములలో వ్యాజ్యములు ఏండ్లతరబడి నానుచుండ, నేరస్థుడు స్వేచ్ఛగా తిరుగుచుండుట మనమెఱిగినదే. జరిమానా వెంటనే పడినచో నది మేలు కాదా యని వారి ప్రశ్న. కాగితము దాఖలు చేయనివానికి జరిమానా చాలును; మేమును అంగీకరింతుము. కాని నదిలో విషము పోసినవాడును, నివేదిక నాలస్యముగ పంపినవాడును ఒకే తక్కెడలో తూగదగినవారా? పదునైదు లక్షలు చిన్న వర్తకునికి దుర్భరము. వందలకోట్ల వ్యాపారము చేయు కర్మాగారమునకు లెక్కల పుస్తకములో నొక పద్దు. పద్దుగా వ్రాసికొనదగిన దానిని శిక్షయనరాదు. అది నదిని వాడుకొన్నందుల కద్దె.

మినహాయింపుల సంగతి మన తెలుగుదేశమునకు క్రొత్త గాదు. హైదరాబాదునకు నీరిచ్చు హిమాయత్‌సాగరము సమీపమున నిషిద్ధప్రదేశమున నొక నూనె కర్మాగారమునకు పూర్వపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన నియమమును తానే సడలించి మినహాయింపు నొసగెను. కాలుష్య నియంత్రణ మండలి యొప్పుకొనలేదు. ఆ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1999లోను, 2000లోను ఇచ్చిన తీర్పులు చిరస్మరణీయములు. హాని కలుగదని నిరూపించు భారము పరిశ్రమదే గాని ప్రజలది గాదనియు, త్రాగునీటి రక్షణకై పెట్టిన నిషేధమునుండి యొక్కరికి మినహాయింపు నిచ్చుట చెల్లదనియు న్యాయమూర్తులు తేల్చిరి. సర్కారు వంగినను మండలి వంగకుండుటచే నాడు సాగరము నిలిచినది. అట్టి మండలిని బలపఱచుట శాసనసభ్యుల విధి, బలహీనపఱచుట కాదు.

గాలి విషయమును మఱవరాదు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు పథకమున ప్రమాణములకు తగని పట్టణములుగా తెలంగాణమున గుర్తింపబడినవి నాలుగు: హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరువు, సంగారెడ్డి. నాల్గింట రెండు ఈ జిల్లావే. సూక్ష్మధూళికి మన దేశము 2009లో పెట్టుకొన్న వార్షిక ప్రమాణము ఘనమీటరునకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించినది 5. మనము పెట్టుకొన్న సులభమైన గీతనే దాటలేక యున్నాము. గీతను చెఱపుటచే గాలి శుభ్రము కాదు.

అయిన శాసనసభ్యులు చేయవలసినదేమి? వారి చేతిలో నిదివఱకే యున్న యాయుధమును వాడిన చాలును. జలకాలుష్య శాసనము 39వ విభాగము ప్రకారము రాష్ట్రమండలి ప్రతిసంవత్సరము తన పనిని గూర్చి నివేదికను సిద్ధపఱుపవలెను. ఆర్థికసంవత్సరము ముగిసిన తొమ్మిది నెలలలో దానిని ప్రభుత్వము శాసనసభ ముందుంచవలెను. వాయుకాలుష్య శాసనమునను ఇట్టి విధియే కలదు. ఈ నివేదిక బల్లపై బెట్టుటతో తీరరాదు. ఒక దినమైనను దానిపై చర్చ జరుగవలెను. ఎన్ని కర్మాగారములు పరీక్షింపబడెను? ఎన్ని తప్పెను? తప్పినవాని నేమి చేసితిరి? అని పేరుపేరున నడుగవలెను.

రెండవది: మండలిలో వ్యవసాయము, చేపలవృత్తి, పరిశ్రమ, వర్తకముల ప్రయోజనములకై ముగ్గురికి మించకుండ అనధికార సభ్యుల నియమింపవచ్చునని 1974 నాటి శాసనమే చెప్పినది. ఆ స్థానములలో నొకటి మంజీర పరీవాహపు రైతునకో, సింగూరు బెస్తకో దక్కినచో, మండలి సమావేశమున నది మాటలాడినట్లగును.

మూడవది: జహీరాబాదులో నొక్క పొగగొట్టము లేవకముందే సింగూరునకు ఎగువ మంజీర నీటిని, వాగులను, బావులను, గాలిని పరీక్షించి, నేటి స్థితి యిదియని వ్రాసి యుంచవలెను. ఆ ఫలితములు తెలుగులో ప్రతి గ్రామపంచాయతీ గోడపై నెలనెల కనబడవలెను. నేటి లెక్క లేనివానికి రేపటి నష్టమును నిరూపించు సాధనము లేదు. పటాన్‌చెరువు రైతులు న్యాయస్థానములలో ఇరువదియేడేండ్లు తిరుగవలసివచ్చుటనుండి మనము నేర్వదగిన పాఠమిదియే.

పరిశ్రమలకు మేము విరోధులము గాము. జహీరాబాదు సీమలో చదివిన యువకుడు పనికై హైదరాబాదు బస్తీలకు పోవలసిన దుఃస్థితి తొలగవలెనని మేమును కోరుచున్నాము. కాని పనికోసము నీటిని, నీటికోసము పనిని వదలుకొనుమని ప్రజల నడుగుట స్వరాజ్యధర్మము కాదు. పరదేశపు ప్రభువు నేలను పిండుకొనెనని పోరాడి స్వాతంత్ర్యము తెచ్చుకొన్న జాతి, తన ప్రభుత్వము క్రిందనే తన నదిని పోగొట్టుకొన్నచో జవాబెవరు చెప్పుదురు? రాజ్యాంగము 48-ఎ అధికరణమున పర్యావరణమును కాపాడుమని రాష్ట్రమును శాసించినది. ఆ శాసనమును మఱవని సభ్యుడు ఈ సవరణలపై చేయెత్తుటకు ముందొకసారి రాయికోడు వచ్చి, మంజీర యొడ్డున నిలిచి, దోసిలితో నీరు త్రాగి పోవునుగాక. ఈ నీరు పది సంవత్సరముల తరువాతను త్రాగదగియుండునని హామీ యీయగలిగిననాడే, ఏ సవరణకైనను ఆయన చేయెత్తవచ్చును.